పొడుగుదాని కూతురు

వంతెన ఎక్కేలోగా చెప్పేయాలని హేన్ అనుకుంది. అంతకుముందు సైగాన్ పొలిమేర దాటేలోగా చెప్పాలనుకుంది. ఆ తర్వాత భోజనాలకని బస్సు ఆపిన చోట, నూడుల్స్ గిన్నెల ముందు ఎదురెదురుగా కూర్చున్నప్పుడైనా చెప్పేద్దామనుకుంది. తీరా చూస్తే పిల్ల పైన తేలిన పులుసు రెండు చెంచాలు తాగి గిన్నె అవతలికి నెట్టేసింది, తిండి దగ్గరా ఈ మాట అని హేన్ తన నోరు తనే నొక్కేసుకుంది. ఇప్పుడు వంతెన రానే వచ్చింది. కింద తియెన్ నది ఎర్రగా, నిండుగా, ఎవరి గొడవా తనకి పట్టనట్టు పోతోంది. చామంతి కుండీలు నింపుకున్న పడవలు ఒకదాని వెనక ఒకటి పట్నం వైపు సాగుతున్నాయి, తేత్ పండుగ దగ్గరికొచ్చేసింది కదా, కొత్త సంవత్సరానికి పట్నంలో ప్రతి గుమ్మానికీ రెండు కుండీలు కావాలి. పూలు అటు పోతుంటే నేను పిల్లని ఇటు తీసుకుపోతున్నాను అనుకుంది హేన్. లువా నిద్రపోతోంది. నిద్రో, ఊరికే కళ్ళు మూసుకుందో. తల్లి భుజం మీద తల వాల్చింది గానీ ఆ భుజం చాలడం లేదు, తల చెంపకి ఆనుకుంటోంది, మోకాళ్ళు ముందు సీటుకి కొట్టుకుంటాయని పక్కకి తిప్పుకుంది. పోయిన పండక్కి ఇదే భుజం కింద ఎంత చక్కగా ఇమిడిపోయిందో. ఏం తిన్నావే తల్లీ, ఒక్క ఏడాదిలో ఇంతలా పెరిగావు, అని అడగబోయింది, అడగాల్సింది ఎవరినో తనకే బాగా తెలుసు కాబట్టి ఊరుకుంది. బస్సు వంతెన దిగిపోయింది. ఇక మిగిలింది కుడివైపు మలుపు, ఆ పైన గంట ప్రయాణం, ఆ పైన ఇల్లు.

చెప్పాల్సింది రెండే రెండు ముక్కలు. నువ్వు పండగ సెలవులకని బయల్దేరావు, కానీ ఇంక అక్కడికి తిరిగి వెళ్ళవు. ఇది ఒకటి. పండగయ్యాక మన ఊళ్ళో బడికి వెళ్తావు, నీ ఈడు పిల్లలు ఎనిమిదిలో ఉన్నారు, నువ్వు మాత్రం ఆరులో కూర్చోవాలి. ఇది రెండు. ఇంతోటి మాటలకి పొద్దుట్నించీ ఈ అవస్థ ఏమిటి, సంతలో నలుగురు బేరగాళ్ళని ఒక్క నోటితో సర్దే మనిషివి, అని తనని తనే కసురుకుంది. క్వియెన్ చెప్పి ఉండొచ్చు. జిమ్నాస్టిక్స్ నేర్పే కోచ్, అయిదేళ్ళు పిల్లని చేతుల మీద గిరగిరా తిప్పిన మనిషి, ఆవిడే చెబితే పోయేది. కానీ ఆవిడ హేన్‌ని హాస్టల్ వంటశాల వెనక్కి తీసుకెళ్ళి, "మీరే చెప్పుకోండమ్మా. నేను చెబితే నా కాళ్ళు పట్టుకుంటుంది. ఇదివరకు ఒక పిల్ల పట్టుకుంది, మళ్ళీ చూసే ఓపిక నాకు లేదు" అంటూ ఒక సంచి చేతిలో పెట్టింది. పోటీల్లో తొడుక్కునే బిగుతు బట్టలు, కడ్డీ పట్టుకునేటప్పుడు అరచేతులకి కట్టుకునే తోలుపట్టీలు, రిబ్బన్లు, ఒక కప్పు, అయిదేళ్ళ సామానంతా ఆ సంచిలోనే పట్టేసింది. పిల్ల కంట పడకూడదని హేన్ దాన్ని బియ్యం గోతాంలో దూర్చి మూతి కట్టి బస్సు డొక్కలో పడేయించింది. పిల్ల తనంతట తను సర్దుకున్న చిన్న సంచి మాత్రం ఒళ్ళో ఉంది. పండక్కి రెండు జతలు, తమ్ముడికి ఒక బొమ్మ. తిరిగి వెళ్ళేవాళ్ళ సంచి అలాగే ఉంటుంది.

మలుపులో బస్సు ఒరిగితే లువా తల ఊగింది, హేన్ అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ అరచేతికి ఇంకా చామంతి వాసన, ఎంత తోమినా పోదు, నెలల తరబడి కొసలు గిల్లిన చెయ్యి. మొక్క పొడుగు సాగకుండా, గుండ్రంగా, ముద్దగా రావాలంటే లేతకొస కనపడగానే గిల్లేయాలి, పొడుగాటి చామంతి పట్నంవాళ్ళకి అక్కర్లేదు. వాళ్ళ ఊళ్ళో కుండీలన్నీ నీళ్ళలో కట్టిన మంచెల మీద ఉంటాయి, మిగతా ఆడవాళ్ళు పడవల మీద తిరుగుతూ గిల్లుతారు, హేన్‌కి పడవ అవసరం లేదు, నీళ్ళలో దిగి నిలబడితే చాలు. "పొడుగు హేన్ ఉండగా నిచ్చెన ఎందుకర్రా" అని ఊళ్ళో వేళాకోళం. పెళ్ళిఫొటోలో పెళ్ళికొడుకు తువన్ పీట మీద నిలబడ్డాడు, ఆ పీట కనపడకుండా పెళ్ళికూతురి అంగరఖా అంచు లాగి కప్పారు, ఫొటో తీసినవాడు నవ్వాపుకోలేక రెండుసార్లు చెడగొట్టాడు. అవన్నీ హేన్ నవ్వుతూనే పడింది. పొడుగు అనేది నవ్వుకునే విషయమనే అనుకుంది, క్వియెన్ వాళ్ళ ఊరి బడికి వచ్చేదాకా. లువా అప్పుడు మూడో తరగతి. పిల్లలందరినీ ఆవరణలో వరసగా నిలబెట్టి ఒక్కొక్కళ్ళనీ వెనక్కి వంచి చూసిందట, అందరూ మూలుగుతుంటే లువా ఒక్కతే వంగి తన మడమలు తనే పట్టుకుని, ఆ తలకిందుల్లోంచే కోచ్‌ని చూసి నవ్విందట. సాయంత్రం లాప్ మాస్టారు ఇంటికొచ్చి చెప్పాడు. "తల్లీతండ్రీ ఇద్దర్నీ ఒకసారి రమ్మంది. చూస్తుందట." ఏం చూస్తుందని తువన్ అడిగాడు. "ఇంకేం చూస్తుంది, మీ పొడుగు. పిల్ల రేపు ఎంత ఎదుగుతుందో మిమ్మల్ని చూసి లెక్క కడతారు. పొడుగైతే ఆ గెంతులకి పనికిరారట" అని మాస్టారు హేన్ వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడి, టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

అన్నాల దగ్గర తువన్ అన్నాడు, సరదాకే అన్నాడు, "అయితే మన బేని పంపుదాం అమ్మగా." తువన్ చెల్లెలు బే, బే అంటే చిన్నదని, పేరుకే కాదు మనిషీ చిన్నదే, నిలబడితే హేన్ చంకకి వస్తుంది. అందరూ విరగబడి నవ్వారు. బే అయితే లేచి నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏమే లువా, అన్నం తినవేమే, నీకు చదువా సంధ్యా" అంటూ హేన్ గొంతు దింపేసింది. లువా పొలమారేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది, ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. ఆ నిశ్శబ్దంలో ముందు నోరు విప్పింది ఎవరు? తువన్ కాదు. బే కాదు. "నా పూల చొక్కా వేసుకెళ్ళు, కొత్తదే" అన్నది హేనే. చేతులు పొడుగైతే మడిచి కుట్టింది కూడా తనే, దీపం కింద కూర్చుని, సన్న కుట్టు, పైకి తెలియకుండా. పిల్లకి బంగారు భవిష్యత్తు కుడుతున్నానని ఎంత సంబరపడిందో ఆవేళ. మర్నాడు ముగ్గురూ మోటారు సైకిలు మీద వెళ్ళిపోతుంటే తను తలుపు చాటున నిలబడింది, తన ఇంట్లో తనకి చాటెందుకో తెలియకపోయినా. లువా వెనక్కి తిరిగి, "అమ్మా, అక్కడున్నంతసేపే కదా అత్తని అమ్మా అనాలి? ఇంటికొచ్చాక మామూలే కదా?" అని కేకేసింది. మామూలే, మామూలే అంది హేన్. మామూలు ఎక్కడైంది, ఆవేళ పెట్టుకున్న అమ్మ అయిదేళ్ళు అమ్మగా ఉండిపోయింది. కోచ్ కంట పడకూడదు కాబట్టి సైగాన్‌కి వెళ్ళిందీ బేనే, సెలవులకి తీసుకొచ్చిందీ బేనే. ఫోన్లో బొమ్మ కనిపించేలా మాట్లాడేటప్పుడు వెనక కోచ్ తిరుగుతుంటే హేన్ గబుక్కున నేల మీద చతికిలబడేది. అలా అలవాటైపోయి వీధిలో నడిచేటప్పుడు కూడా నడుం వంచుకునే నడుస్తోందని తువన్ ఏడిపించాడు, "ఇప్పట్నించే ముసలిదానివై పోతున్నావేంటే" అని.

రోడ్డు పక్కన ఏదో బడి వదిలారు. తెల్లచొక్కాల పిల్లలు సైకిళ్ళ మీద మందలుగా అడ్డం వచ్చేస్తే డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయకుండా తిడుతున్నాడు, వాళ్ళు లెక్కచేయడం లేదు, ఒకడు చేతులొదిలేసి తొక్కుతూ బస్సుకేసి వెక్కిరించాడు. లువా వీళ్ళలో ఒకతై ఉండేది. మొదటి ఏడాది రెండూ జరిగిపోతాయనే అనుకున్నారు, పొద్దున్నే టౌన్లో హాలుకి వెళ్ళి గెంతులు, అక్కణ్ణించి తిన్నగా బడి, బడి వదిలాక మళ్ళీ హాలు. లాప్ మాస్టారు పిల్లల్ని పొడుగు వరసన కూర్చోబెట్టేవాడు, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. లువా మొదటి బెంచీలో సరిగ్గా ఆయన ముక్కు కింద కూర్చుని, మొదటి పాఠం సగంలోనే తల బల్ల మీద పెట్టేసేది. ఆయన లేపేవాడు కాదట. కిటికీ ఎండ ముఖం మీద పడుతుంటే తన టోపీ తీసి అడ్డం పెట్టి పాఠం చెప్పుకుపోయేవాడట, మిగతా పిల్లలు వచ్చి చెప్పి నవ్వేవాళ్ళు, హేన్ కూడా నవ్వింది. తర్వాత పోటీలు మొదలయ్యాయి, ఒక వారం కాన్ థో, ఒక వారం ఇంకెక్కడో. ఈ పోటీ ఒక్కటీ అయిపోనీ, పాఠాలన్నీ కూర్చోబెట్టి చదివిస్తాను అనేది హేన్, అది అయ్యేలోగా ఇంకోటి వచ్చేది. మాస్టారు ఒకసారి పూలమంచెల దాకా వచ్చాడు, గట్టు మీద నిలబడి, నీళ్ళలో ఉన్న హేన్‌తో అన్నాడు, "హాజరు వేసెయ్యమంటే వేసేస్తానమ్మా, అదెంతసేపు. హాజరు వేస్తే చదువు వచ్చేస్తుందా, చెప్పు." అప్పుడు తనేమంది? ఇప్పుడు తలుచుకుంటే చెంపలు మండుతున్నాయి. "మీ లెక్కలు ఎక్కడికీ పారిపోవు మాస్టారూ. నా కూతురు దేశం పేరు నిలబెట్టి వచ్చి నేర్చుకుంటుంది" అంది. ఆయన మొహమాటంగా తల ఊపి వెళ్ళిపోయాడు. లువాని సైగాన్ పంపేశాక కూడా చాన్నాళ్ళు ఆయన పొద్దున్నే ఆ పేరు పిలిచేవాడని, పిల్లలంతా కలిసి "పోటీకి వెళ్ళింది సార్" అని అరిచేవాళ్ళని తర్వాత తెలిసింది.

లువా నిద్రలో చేతివేళ్ళు ముడిచి గట్టిగా దేన్నో పట్టుకుంది. కడ్డీ కాబోలు. అరచేతులు చూస్తే పిల్లవి కావవి, కాయలు కాచి, పగిలి, మళ్ళీ కాచి. భుజం దగ్గర ఎముక కొంచెం ఎత్తుగా ఉంటుంది, అక్కడికి వెళ్ళిన ఏడాదే విరిగింది. ఆ రోజు హేన్ ఉండబట్టలేక బేతో పాటు సైగాన్ ఆసుపత్రికి వెళ్ళిపోయింది. మంచం పక్కన కోచ్ కూర్చుని ఉంది. బే అమ్మ కాబట్టి లోపలికి వెళ్ళి పిల్ల తల నిమిరింది. అమ్మ కాని అమ్మ వరండా చివర, మిగతా రోగుల తాలూకు మనుషుల మధ్య, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. తలుపు తెరిచే ఉంది. లువా ఇటు తిరిగింది, చూసింది, చూసిందని హేన్‌కి తెలుసు, కళ్ళు కళ్ళు కలిశాయి. పిలవలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, ఎముక విరిగి పడుకున్న పిల్ల, కన్నతల్లి కనిపిస్తే అమ్మా అనలేదు. పెదవి కొరుక్కుని అటు తిరిగి, "అమ్మా, నీళ్ళు" అని బేని అడిగింది. ఆట ఆడమన్నారు, ఆడింది. అంత బాగా ఆడుతుందని హేన్ అనుకోలేదు. ఆ తర్వాత లువా ఎన్ని పతకాలు తెచ్చినా, ఇంటి గోడకి తువన్ ఎన్ని మేకులు కొట్టినా, ఆ వరండా మాత్రం హేన్ గుండెల్లోంచి పోలేదు.

"మీ చెల్లెలా అమ్మాయ్?" పక్కవరసలో ముసలమ్మ అడుగుతోంది, ఒళ్ళో బుట్టలో బాతుపిల్లలు, నోట్లో తమలపాకు. హేన్ ఉలిక్కిపడి, "కూతురు" అంది. "ఓసి నీ సిగ తరగా, నీ అంత ఉందే! ఏం పెట్టి పెంచావే తల్లీ, మా మనవరాళ్ళు గుమ్మడికాయల్లా అడ్డంగా పెరుగుతున్నారు గానీ ఒక్కత్తీ పైకి లేవదు" అని ముసలమ్మ సంచిలోంచి అరిటాకు పొట్లం తీసింది, అరటిపండు పెట్టి వండిన బంక బియ్యం ముద్ద. "లేచాక పెట్టు. తిని గబగబా పెద్దది కావాలని చెప్పు." హేన్ రెండు చేతులతో అందుకుంది. గబగబా పెద్దది కావాలి. ఆ ఊళ్ళలో పిల్లల చేతిలో ఏది పెట్టినా అనే మాటే అది, పండక్కి డబ్బులు పెట్టిన ఎర్ర కవరు ఇచ్చినా, దారినపోయే ముసలాళ్ళు బుగ్గ గిల్లినా. పదేళ్ళప్పుడు పండక్కి వచ్చిన లువా, వాళ్ళ నాయనమ్మ కవరు ఇస్తూ ఆ మాట అనబోతే రెండు చెవులూ మూసుకుని, "వద్దు నానమ్మా, అలా దీవించకు! ఎదగకూడదని దీవించు!" అని కాళ్ళు నేలకేసి కొట్టింది. ముసలావిడ బిత్తరపోయింది, పండగపూట ఇదేం అపశకునం అని. ఇల్లంతా నవ్వారు. ఆ తర్వాత ప్రతి పండక్కీ చుట్టాలు దాని వెంటపడి అదే మాట అని ఏడిపించడం, అది చెవులు మూసుకుని పరిగెత్తడం, అదొక సరదా. పోయిన వర్షాల్లో ఒకనాడు ఫోన్ చేసి, ఏదో దొంగతనం చేసినట్టు గుసగుసగా అంది, "అమ్మా, నేను ఎదుగుతున్నాను. గోడకి నిలబెట్టి కొలుస్తున్నారు. పోయిన నెల గీత దాటిపోయాను. ఏం చెయ్యనమ్మా?" తల్లి ఏం చెప్పాలి? పాలు మానెయ్యమంది హేన్. ఇంకా ఏమంది, అబ్బా, ఆ మాట మాత్రం గుర్తుకు రాకుండా ఉంటే బాగుండు. "నిద్దట్లోనే పెరుగుతారంటమ్మా. కొంచెం తక్కువ పడుకో" అంది. కన్నకూతుర్ని నిద్రపోవద్దని చెప్పిన నోరు ఇది. అందుకే ఇప్పుడు పడుకోనీ, బస్సు ఇంకో ఊరు దాకా పోయినా పోనీ, పడుకోనీ.

బస్సు నెమ్మదించింది, ముందు ఎరువుల బస్తాల లారీ. ఎరువు చూస్తే హేన్‌కి ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన పండక్కి ముందు పూలకి వేసే మందు పొట్లం తువన్ కూతురి చేతికిచ్చాడు, కొత్తరకం, "పట్నంలో చదివే పిల్లవి, ఎన్ని నీళ్ళకి ఎంత కలపాలో చూసి చెప్పవే" అని గర్వంగా, పక్కింటివాళ్ళకి వినపడేలా. లువా పొట్లాన్ని చాలాసేపు పట్టుకుంది. పెదవులు కదిపింది, వేలు పెట్టి కూడబలుక్కుంది, ఏదో లెక్క వేసి చెప్పింది. రెండురోజుల్లో ఒక మంచె కుండీలన్నిటికీ ఆకుల అంచులు మాడిపోయాయి. తువన్ ఏం తక్కువవాడు కాదు, కూతురి ఎదుట తల బాదుకుంటూ, "నేనే తాగిన మత్తులో రెట్టింపు పోసేశాను" అన్నాడు, అతను చుక్క ముట్టి ఏళ్ళయింది. పిల్ల నమ్మలేదు. మాడిన ఆకులు ఒక్కటొక్కటే తుంచుతూ ఆ సాయంత్రమంతా నీళ్ళ పక్కనే కూర్చుంది. సైగాన్‌లో పిల్లలకి గెంతులు నేర్పే సెంటర్లో రాత్రిపూట పాఠాలు చెప్పేవాళ్ళుండేవారు, పగలంతా గెంతి గెంతి వచ్చిన పిల్లలు బల్లల మీద వాలిపోతే, చెప్పేవాడు బోర్డుకే చెప్పి వెళ్ళేవాడు. ఏటా అందరూ పాస్. మొన్న హేన్ సిగ్గు చంపుకుని లాప్ మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన పాత మాట ఎత్తలేదు, ఎత్తి ఉంటే బాగుండేది. పెద్దబడి వాళ్ళతో తనే మాట్లాడి వచ్చి, "ఎనిమిదిలో కూర్చోబెడితే మునిగిపోతుంది. ఆరులో వేద్దాం. సాయంత్రాలు నా దగ్గరికి పంపు" అన్నాడు, హేన్ లేచి గుమ్మం దాటుతుంటే, "ఆ బెంచీ కింద కాళ్ళు పట్టవేమో. వెనక ఒక పెద్ద బల్ల వేయిస్తాలే" అన్నాడు. అక్కడ కడ్డీకి పొడుగైపోయింది, ఇక్కడ బెంచీకి పొడుగైపోయింది. ఇంత పొడుగు దానికి ఎవరిచ్చారు, హేన్ ఇచ్చింది.

పొద్దున సెంటర్ గేటు దగ్గర మొదటిసారి తను నిలబడింది. పిల్లని తీసుకెళ్ళిపొమ్మని కబురొచ్చాక ఇంక దాచడానికి ఏముందని, బేని రావద్దని, తనే వచ్చింది. లువా మెట్ల మీద కనిపించింది, సంచి భుజాన వేసుకుని గబగబా దిగుతోంది, గేటు వైపు చూసి ఆగిపోయింది. పరిగెత్తుకొస్తుందనుకుంది హేన్. అయిదేళ్ళుగా ఎన్నిసార్లు ఊహించుకుందో, తను బాహాటంగా ఆ గేటు దగ్గర నిలబడితే అమ్మా అని అరుచుకుంటూ వస్తుందని. రాలేదు. ఒక్కొక్క మెట్టూ దిగి, నడిచి, వచ్చి పక్కన నిలబడింది. ఎందుకలా చేసిందో హేన్‌కి అంతుపట్టలేదు, ఇన్నేళ్ళ పరాయితనం కాబోలనుకుని మనసు చివుక్కుమంది. ఇంతలో క్వియెన్ వచ్చింది. "మీరు?" "లువా అమ్మని." క్వియెన్ కాళ్ళ దగ్గర్నించి తలదాకా ఒకసారి చూసింది, చూస్తూనే ఉంది. "మరి ఇన్నాళ్ళూ వచ్చినావిడ?" "మా ఆడపడుచు." తిట్టలేదు క్వియెన్. వంటశాల వెనక సంచి చేతిలో పెట్టాక, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి అంది, "ఆ రోజే మీరు వచ్చి ఉంటే వాలీబాల్ వాళ్ళకి ఇచ్చేదాన్ని. పొడుగు పిల్లలు ఎక్కడ దొరుకుతారా అని వాళ్ళు దీపం పెట్టి వెతుకుతారు. ఇంత చురుకైన పిల్ల, ఈ పొడుగు... ఇప్పుడు వాళ్ళు కూడా తీసుకోరు. పదేళ్ళకే మొదలెట్టిన వాళ్ళున్నారు." అంతే. తన పొడుగు పిల్లకి శాపమనుకుని దాచింది హేన్, అదే వరమయ్యేదట ఇంకో గుమ్మంలో. తను తలుపు చాటున నిలబడకుండా, వాళ్ళతో మోటారు సైకిలెక్కి వెళ్ళి ఉంటే చాలట. ఆ మాట విన్నప్పటినుంచీ ఏడుపు కూడా రావడం లేదు.

రోడ్డుకి రెండువైపులా పూలు మొదలయ్యాయి. పసుపు, పసుపు, మధ్యలో ఎరుపు, మళ్ళీ పసుపు. ఇంక చెప్పక తప్పదు, ఇల్లొచ్చాక తమ్ముడు ఎగబడతాడు, నానమ్మ ఎగబడుతుంది, చెప్పడానికి సందుండదు.

"లువా. అమ్మా లువా. నీకో మాట చెప్పాలి."

"తెలుసు" అంది లువా, కళ్ళు తెరవకుండానే.

"ఏం తెలుసే?"

"పొద్దున గేటు దగ్గర నువ్వున్నావుగా. అత్త రాలేదు."

అయితే మెట్ల మీదే. ఆ మెట్ల మీద ఆగినప్పుడే. నేను నీకు అమ్మగా కనిపించిన మొదటి పూటే నీకు అన్నీ అయిపోయాయని తెలిసిందా తల్లీ.

"నువ్వు డొక్కలో వేయిస్తుంటే చూశాను, ఆ బియ్యం గోతాంలో నా తోలుపట్టీలు పెట్టావా?" లువా అడిగింది.

"పెట్టాను."

"ఏ క్లాసులో వేస్తారు?"

"ఆరు."

బుట్టలో బాతుపిల్లలు కీచుమంటున్నాయి. లువా బయటికి చూస్తూ, "తమ్ముడు అయిదులో ఉన్నాడు" అంది, మామూలుగా, ఎవరి గురించో చెబుతున్నట్టు. తర్వాత చెయ్యి చాచి, "ఆ మామ్మ ఏదో ఇచ్చింది కదా, ఇలా ఇయ్యి" అంది. అరిటాకు విప్పి, పెద్ద పెద్ద ముక్కలు తుంచుకుని, బుగ్గల నిండా కుక్కుకుని తింది. అయిదేళ్ళలో అది అలా తినడం హేన్ చూడలేదు. వేళ్ళకి అంటింది కూడా నాకేసింది. ముసలమ్మ మురిసిపోయి, "అద్దీ! తిను తల్లీ, తిని గబగబా పెద్దదానివి కా" అంది. లువా చెవులు మూసుకోలేదు. "అలాగే మామ్మా" అంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, వాటిని తుడుచుకోకుండానే మిగతాది కూడా తినేసింది.

"పూలతోట దిగేవాళ్ళు రండమ్మా, త్వరగా, త్వరగా!" కండక్టరు డొక్క తెరిచి గోతాం రోడ్డు పక్కన పడేశాడు. బస్సు వెళ్ళిపోయింది. దుమ్ము అణిగాక ఇద్దరే మిగిలారు, గోతాం, చిన్న సంచి, ఎండ. హేన్ గోతాం ఎత్తి చంకన పెట్టుకుని, అలవాటు ప్రకారం నడుం వంచి, తల దించి నడవబోయింది. వీపు మీద చెయ్యి పడింది. కాయలు కాచిన గట్టి చెయ్యి, నడుం మధ్యలో ఆనింది, పోటీకి ముందు కోచ్ పిల్లల వీపు మీద పెట్టేలాంటి చెయ్యి.

"నిటారుగా నడవమ్మా" అంది లువా. "ఇంక మనల్ని ఎవరు కొలుస్తారు?"

హేన్ నడుం నిటారు చేయబోయింది. అయిదేళ్ళు వంగి ఉన్న నడుం, ఒక పట్టాన మాట వినలేదు.